డిచ్‌పల్లి డాక్టరమ్మ

స్వర్ణోత్సవ సంచికకు ఒక వ్యాసం కావాలని సంపాదకవర్గం మిత్రులు ఫోన్ చేసినప్పుడు, నేను కాలువల గురించో కట్టల గురించో రాస్తాననుకున్నారు. ముప్పై ఏండ్లుగా నీటిపారుదల శాఖలో నేను చేస్తున్న పని అదే మరి. ఒక డాక్టరమ్మ గురించి రాస్తానంటే కొంచెంసేపు అవతల చప్పుడు లేదు. ఆమె మన బడిలో చదవలేదు, మన జిల్లా మనిషి కాదు, అసలు మన దేశమే కాదు. పోయి తొంభై ఏండ్లు దాటింది. అయినా గోదావరి దాటి హైదరాబాదు దారి పట్టిన ప్రతి ఆదిలాబాదు మనిషీ ఆమె కట్టించిన చోటు పక్కనుంచే పోతాడు. కరీంనగర్ వాళ్లు నిజామాబాద్ మీదుగా పోయినా అంతే.

చిన్నప్పుడు బాపమ్మతో కలిసి నిర్మల్‌లో బస్సెక్కి హైదరాబాదులో ఉన్న మేనత్త ఇంటికి పోయేవాణ్ణి. సోన్ వంతెన దాటి, ఆర్మూరు దాటి, డిచ్‌పల్లి దగ్గరికి రాగానే బాపమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. ఇంకో కొసతో నా ముక్కు మూసేది. ఎందుకని అడిగితే అక్కడ పెద్దరోగం దవాఖాన ఉంది, ఆ గాలి తగలొద్దు అని చెప్పేది. రోగం అసలు పేరు ఆమె నోటివెంట నేను ఎన్నడూ వినలేదు. మళ్లీ అదే బాపమ్మ ఖిల్లా రామాలయం దిక్కు తిరిగి దండం పెట్టుకునేది. ఒక చెయ్యి ముక్కు మీద, రెండో చెయ్యి నుదుటి మీద. ఆ దవాఖానలో ఎవరుంటారు, ఎవరు కట్టారు అని అడగాలని నాకు అప్పట్లో తోచలేదు. తోచేసరికి ఉద్యోగంలో చేరి చాలా ఏండ్లయింది.

ఆ దవాఖాన పెట్టినామె పేరు ఇసబెల్ కెర్. పెళ్లికి ముందు ఇసబెల్ గన్. 1875లో ఉత్తర స్కాట్లండ్‌లోని ఎన్జీ అనే పల్లె ప్రాంతంలో ఒక రైతు ఇంట్లో పుట్టారు. అక్కడికి సముద్రం దగ్గరే. ఆమె పుట్టడానికి రెండేండ్ల ముందు, 1873లో, అదే సముద్రానికి ఆవలి ఒడ్డున నార్వే దేశపు బెర్గెన్ పట్టణంలో హాన్సెన్ అనే డాక్టర్ కుష్ఠు రోగుల చర్మపు గడ్డల్లో సన్నని పుల్లల్లాంటి సూక్ష్మజీవులను చూశాడు. అంతకుముందు ఆ రోగం వంశపారంపర్యమనీ, శాపమనీ, పాపమనీ లోకమంతా నమ్మింది. దాని వెనుక ఒక బ్యాక్టీరియా ఉందని చెప్పిన మొదటి మనిషి ఆయన. మనిషికి వచ్చే రోగాల్లో ఒకదానికి బ్యాక్టీరియా కారణమని ముందుగా గుర్తించిన సందర్భాల్లో ఇది ఒకటి. విచిత్రమేమంటే, అంత ముందుగా దొరికిపోయిన ఈ దొంగే అందరికంటే ఆలస్యంగా లొంగింది. ఆ సంగతికి తరువాత వస్తాను.

స్కాట్లండ్ విశ్వవిద్యాలయాలు ఆడపిల్లలకు తలుపులు తెరిచింది 1892లో. రైతు బిడ్డ ఇసబెల్ అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1903లో పట్టా పుచ్చుకున్నారు. అంటే ఆ తలుపు గుండా నడిచిన తొలి వరుసల్లో ఆమె ఒకరు. ఆ ఏడే జార్జ్ కెర్‌తో పెళ్లయింది. ఆయన మొదట వడ్రంగం పని చేసి, తరువాత మతబోధకుడైన మనిషి. భార్య డాక్టరు, భర్త ఉలి పట్టిన చెయ్యి. ఇంజనీరుగా నాకు ఈ జోడీ చాలా ఇష్టం. దవాఖాన అంటే మందు సగం, కప్పు సగం అని కట్టడాలు కట్టే మాకు బాగా తెలుసు.

1907లో వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున ఇద్దరూ నిజాం రాజ్యానికి వచ్చారు. చేరింది నిజామాబాద్ ప్రాంతానికి. సికింద్రాబాదు నుంచి మన్మాడు పోయే రైలుదారి పడి అప్పటికి పదేండ్లు కూడా కాలేదు. రైలు వచ్చినచోటికి వ్యాపారం వస్తుంది, కచేరీలు వస్తాయి, బిచ్చగాళ్లూ వస్తారు. ఆ బిచ్చగాళ్లలో వేళ్లు పోయినవాళ్లు, ముక్కు దిగిపోయినవాళ్లు ఎక్కువ. ఊరు వాళ్లను వెలివేసింది, ఇల్లు వెలివేసింది. బ్రిటిష్ ఇండియాలో 1898 నుంచి ఒక చట్టం ఉండేది. దిక్కులేని కుష్ఠు రోగిని పట్టుకుని ఆశ్రమంలో పెట్టడానికి పనికొచ్చేదే తప్ప నయం చేయడానికి పనికొచ్చేది కాదు. ఇక్కడ రాజ్యంలో వాళ్లకంటూ వైద్యం దాదాపు లేదు. ప్రసవాలకూ జ్వరాలకూ మందులిచ్చే డాక్టరమ్మ ముందు వీళ్లు వచ్చి నిలబడ్డారు.

1911లో కెర్ దంపతులు నిజామాబాద్‌లో కుష్ఠు రోగుల కోసం చిన్న ఆశ్రయం ప్రారంభించారు. చిన్నది అన్నమాటే గాని తొందరలోనే చోటు చాలలేదు. ఒక రోగికి చోటు దొరికిందని తెలిస్తే పది ఊళ్ల నుంచి పదిమంది నడిచి వస్తారు. ఆ సమయంలో ముందుకొచ్చిన దాత రాజా నర్సాగౌడ్. ఆయన హిందువు. క్రైస్తవ మిషన్ నడిపే దవాఖానకు పెద్ద మొత్తం ఇచ్చారు. ఆ డబ్బు ఆసరాతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా పేరుతో కుష్ఠు దవాఖాన లేచింది. ముస్లిం రాజు పాలన, హిందూ దాత డబ్బు, క్రైస్తవ డాక్టరమ్మ చెయ్యి. దీన్ని గొప్పగా చెప్పుకోవచ్చు, చెప్పుకుంటారు కూడా. నాకు మాత్రం ఇంకో సంగతి కనిపిస్తుంది. ముగ్గురిలో ఎవరూ ఆ రోగిని తమ గడపలోకి రానీయాల్సిన అవసరం లేకుండా ఊరవతల, రైలు స్టేషన్‌కు అందే దూరంలో ఒక చోటు దొరికింది. అప్పటి లోకం అంతవరకే ఒప్పుకుంది. ఆ ఒప్పుకున్న మేర డాక్టరమ్మ పూర్తిగా వాడుకున్నారు.

ఇక రోగం సంగతి. నేను సివిల్ ఇంజనీరును. ఈ భాగంలో తప్పులుంటే మన సంఘంలోని డాక్టర్లు మన్నించి సరిదిద్దాలి. చదివి అర్థం చేసుకున్నంత మేరకు రాస్తున్నాను.

మన ఎలగందల్ ఖిల్లాను తలుచుకోండి. చుట్టూ కందకం, తరువాత గోడ, గోడకు దర్వాజా, దర్వాజా దగ్గర పహరా. ఒంటికి చర్మం గోడ. చీమిడి, కన్నీరు, కడుపులోని ఆమ్లం కందకం. అవి దాటి లోపలికి వచ్చినవాణ్ణి పట్టుకుని మింగే కాపలా కణాలు కొన్ని. వాటిని మాక్రోఫేజ్‌లంటారు. శత్రువు ముఖం గుర్తుపెట్టుకుని, వాడికి అంటుకునే యాంటీబాడీలను తయారుచేసే కణాలు మరికొన్ని. ఇంత కట్టుదిట్టం ఉన్నా రోగాలు వస్తున్నాయంటే, వచ్చేవాళ్లు కూడా ఊరికే రావడం లేదన్నమాట. లక్షల ఏండ్లుగా తాళానికి తాళంచెవి చేస్తూనే ఉన్నారు.

ఒక్కొక్కడిది ఒక్కో విద్య. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ ఒంటినిండా చక్కెర పదార్థపు జిగురు పూత పూసుకుంటుంది. నిర్మల్ కొయ్యబొమ్మకు రంగు పూశాక లోపలి పునికి చెక్క ఎవరికి కనిపిస్తుంది? కాపలా కణం చెయ్యి వేసినా జారిపోతుంది. 1928లో గ్రిఫిత్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో పూత ఉన్న రకం ఎలుకను చంపింది, పూత పోయిన రకం ఏమీ చేయలేకపోయింది. గడ్డలు లేపే స్టాఫిలోకాకస్ ఇంకా తెలివైంది. యాంటీబాడీని వెనుకవైపు నుంచి పట్టుకుంటుంది. కర్రను తలకిందులుగా పట్టించినట్టు, ఆయుధం ఉంటుంది గాని పనిచేయదు. కొన్నిరకాల బ్యాక్టీరియా పైన తొడుగే మారుస్తూ పోతాయి. కాపలావాళ్లు పాత ముఖం వెతుకుతుంటే కొత్త ముఖంతో తిరుగుతాయి. టైఫాయిడ్ సూక్ష్మజీవి జ్వరం తగ్గాక కూడా కొందరి పిత్తాశయంలో నక్కి ఏండ్ల తరబడి ఉంటుంది.

కుష్ఠు బ్యాక్టీరియా వీటన్నిటికంటే వేరు. అది కాపలావాణ్ణి తప్పించుకోదు, కాపలావాడి లోపలికే పోతుంది. మాక్రోఫేజ్ దాన్ని మింగుతుంది. మామూలుగా అయితే మింగినదాన్ని ఒక సంచిలో పెట్టి, ఘాటైన రసాలు నిండిన మరో సంచిని దానితో కలిపి కరిగించేస్తుంది. ఈ బ్యాక్టీరియా ఆ రెండు సంచులూ కలవకుండా అడ్డుపడుతుంది. దాని ఒంటిమీద మైనంలాంటి కొవ్వు పొర ఉంటుంది. కాపలా కణం కాల్చడానికి వదిలే ఘాటు పదార్థాలను ఆ పొర తట్టుకుంటుంది. అంతటితో ఆగదు. తనను పట్టుకున్న కణాన్నే కొవ్వు బిందువులతో నింపి, ఆ కొవ్వు మీద బతుకుతుంది. యాంటీబాడీలు బయట నెత్తురులో గుంపులు గుంపులుగా తిరుగుతుంటాయి, లోపలివాడిని అందుకోలేవు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్లు ఊరికే అనలేదు.

రెండో దాపు ఇంకా లోతైనది. మన నరాలు కరెంటు తీగల్లాంటివి. వాటి మీద తొడుగులాగా చుట్టుకుని ఉండేవి ష్వాన్ కణాలు. కుష్ఠు బ్యాక్టీరియా ఆ తొడుగులో దూరుతుంది. నరం చుట్టూ ఉన్న అడ్డుపొర వల్ల కాపలావాళ్ల రాకపోకలు అక్కడ తక్కువ. పైగా దీనికి చల్లదనం ఇష్టం. ఒంట్లో చల్లగా ఉండే చోట్లు ఏవి? ముక్కు, చెవి తమ్మెలు, చేతులు, పాదాలు. అక్కడి నరాలే మొదట మొద్దుబారతాయి. వేడి తెలియదు, ముల్లు గుచ్చుకుంటే తెలియదు. అన్నం వండే తల్లి చెయ్యి కాలినా తీయదు. పొలంలో పాదం తెగినా నడుస్తూనే ఉంటుంది. పుండు పడుతుంది, చీము పడుతుంది, ఎముక అరుగుతుంది. వేళ్లు ఈ రోగానికి రాలిపోతాయని మనమంతా అనుకుంటాం. వాటిని తినేది బ్యాక్టీరియా కాదు, నొప్పి లేకపోవడం. ఇది చదివిన రోజు నేను చాలాసేపు నా వేళ్లే చూసుకుంటూ కూర్చున్నాను.

తొందర లేకపోవడం దాని మూడో విద్య. పేగుల్లో ఉండే మామూలు బ్యాక్టీరియా అనుకూలిస్తే ఇరవై నిమిషాలకు ఒకటి రెండవుతుంది. ఇది రెండు కావడానికి పన్నెండు, పద్నాలుగు రోజులు పడుతుంది. లోపలికి చేరినాక మచ్చ కనబడటానికి సగటున ఐదేండ్లు, ఒక్కోసారి ఇరవై ఏండ్లు. పోచంపాడు కాలువ కట్టల మీద పనిచేసినప్పుడు మా పెద్ద ఇంజనీర్లు ఒక సంగతి నేర్పారు. వరదకు కట్ట తెగితే అందరికీ కనిపిస్తుంది. కట్ట లోపల సన్నగా ఊట మొదలైతే పైన గడ్డి పచ్చగా ఉంటుంది, అంతే. ఆ పచ్చదనాన్ని చూసి మురిసిపోయేవాడు ఇంజనీరు కాదు. కుష్ఠు ఆ ఊటలాంటిది.

ఇక్కడే ఒక మెలిక. నూటికి తొంభై ఐదు మందిలో ఈ బ్యాక్టీరియా లోపలికి వచ్చినా రోగం రాదు. వాళ్ల రోగనిరోధక వ్యవస్థ దాని ఎత్తులు పారనివ్వదు. రోగం వచ్చినవాళ్లలో కూడా అందరిదీ ఒకే తీరు కాదు. కొందరిలో కాపలా గట్టిగా తిరగబడుతుంది. ఒకటి రెండు మచ్చలతో ఆగుతుంది, బ్యాక్టీరియా వెతికినా దొరకదు. కొందరిలో కాపలా మొత్తం మౌనమైపోతుంది. అప్పుడు ఒళ్లంతా గడ్డలు, లెక్కలేనంత బ్యాక్టీరియా. 1919లో మిత్సుదా అనే జపాను డాక్టరు చంపిన కుష్ఠు బ్యాక్టీరియాను చర్మంలోకి ఎక్కించి చూశాడు. తిరగబడే శక్తి ఉన్నవాళ్లకు మూడు నాలుగు వారాల్లో అక్కడ గడ్డ లేచింది. ఒళ్లంతా గడ్డలున్న రోగులకు మాత్రం సూది పెట్టినచోట ఏమీ కాలేదు. ఒంటికి శత్రువు శత్రువులాగే కనిపించడం మానేసిందన్నమాట. ఇంకో బాధ ఏమంటే, కాపలా మేల్కొన్నా ఒక్కోసారి నష్టమే. నరంలో దాక్కున్నవాడి మీద దాడి చేస్తే నరమే దెబ్బతింటుంది. దొంగ కోసం ఇల్లు తగలబెట్టినట్టు.

డాక్టరమ్మ డిచ్‌పల్లిలో పని మొదలుపెట్టేనాటికి ఈ లోపలి కథ చాలావరకు ఎవరికీ తెలియదు. సీసాలో పెంచి చూద్దామంటే ఈ బ్యాక్టీరియా పెరగదు. ఈ రోజుకీ ప్రయోగశాల పళ్లెంలో దాన్ని పెంచినవాళ్లు లేరు. 1960లో ఎలుక పాదంలో, తరువాత అర్మడిల్లో అనే చల్లని ఒంటి జంతువులో పెంచగలిగారు. 2001లో దాని జన్యువులన్నీ చదివితే వాటిలో పెద్ద భాగం చచ్చిన జన్యువులని తేలింది. మన కణాల్లో కూర్చుని తినడం మరిగి, సొంతంగా బతికే సామాను చాలావరకు పోగొట్టుకుంది.

మరి డాక్టరమ్మ చేతిలో ఉన్నదేమిటి? ఒక నూనె. ఆయుర్వేదంలో తువరక అనే పేరున్న చెట్టు గింజల నూనె. ఇంగ్లీషువాళ్లు దాన్ని చాల్‌ముగ్రా నూనెల కుటుంబంలో చేర్చారు. నోటితో తాగితే వాంతి ఆగదు. తాగినవాళ్లలో చాలామంది రోగంకంటే మందుకే భయపడి మానేసేవాళ్లు. కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్, ఆ తరువాత ఎర్నెస్ట్ మూయిర్ ఈ నూనెను సూదిమందుగా మార్చే దారులు వెతికారు. ఆ పద్ధతిని డిచ్‌పల్లికి తెచ్చినవారు డాక్టర్ కెర్. వారం వారం సూదులు. నూనె చిక్కగా ఉంటుంది, పోటు భరించడం కష్టం. నెలలు కాదు, ఏండ్లు పొడిపించుకోవాలి. అయినా రోగులు వచ్చారు. వెలివేసిన మనిషికి ఒకరు చెయ్యి పట్టుకుని సూది వేయడమే అప్పటికి పెద్ద సంగతి.

మూయిర్ పద్ధతిలో సూది ఒక్కటే కాదు. రోగికి ముందు మలేరియా, నులిపురుగులు, సుఖవ్యాధులు ఉంటే అవి తగ్గించాలి. కడుపునిండా తిండి పెట్టాలి. ఒంటికి పని చెప్పాలి. అప్పుడే మందు పట్టుతుందని ఆయన వాదం. ఈ రోజు వెనక్కి తిరిగి చూస్తే నాకు అనిపించేది ఇది: ఆ నూనె బ్యాక్టీరియాను ఎంత చంపిందో గాని, తిండీ పనీ నిద్రా ఒంటి కాపలావాళ్లకు కొంత బలం ఇచ్చి ఉంటాయి. డిచ్‌పల్లి ఒక వార్డులాగా గాక ఊరులాగా పెరగడానికి కారణం ఇదే. ఇండ్లు, పొలం, పని, రోగుల చేతనే కట్టుబడి. జార్జ్ కెర్ వడ్రంగి చెయ్యి అక్కడ వృథా పోలేదు. వందల మంది అక్కడ ఉండి వైద్యం చేయించుకున్నారు. తొలిదశలో వచ్చినవాళ్లలో మచ్చలు అణగి ఇంటికి పోయినవాళ్లు ఉన్నారు. ముదిరిన తరువాత వచ్చినవాళ్లకు ఆ నూనె పెద్దగా చేయగలిగింది లేదు. డాక్టరమ్మకు ఆ తేడా తెలుసు, అందుకే తొందరగా రమ్మనేదే ఆమె పని అయింది. దాక్కోవడానికి ఇచ్చేది ఆశ్రమం, తొందరగా రమ్మని పిలిచేది దవాఖాన. ఆమె కట్టింది రెండోది.

1923లో ప్రభుత్వం ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. పతకాల సంగతి అంతకంటే రాయను. నన్ను ఆపేది ఇంకోటి: ఆమె పాతిక ఏండ్లు ఇక్కడే ఉన్నారు. మొదటి మూడు నాలుగేండ్లు పోను మిగతా బతుకంతా కుష్ఠు రోగుల మధ్యనే. 1932లో డిచ్‌పల్లిలోనే కన్నుమూశారు. అప్పటికి యాభై దాటి కొన్నేండ్లే. నాకు ఇప్పుడు దాదాపు అంతే వయసు. అసలైన మందు రావడం ఆమె చూడలేదు. భర్త ఆ తరువాత కూడా ఆ పని నడిపించారు.

ఆ మందు కథకు కూడా డిచ్‌పల్లితో ఒక పోగు కలిసి ఉంది. 1941లో అమెరికాలోని కార్విల్ దవాఖానలో సల్ఫోన్ జాతి మందు ఒకటి మొదటిసారి పనిచేసింది. దానికి బంధువైన డాప్సోన్‌ను మాత్రగా, చవకగా, ప్రమాదం లేని మోతాదులో ఇవ్వవచ్చని నైజీరియాలో చూపినవాళ్లలో ముఖ్యుడు డాక్టర్ జాన్ లో. ఆయన కుష్ఠు వైద్యం మొదలుపెట్టింది మన డిచ్‌పల్లిలో. ఇక్కడి నుంచి కలకత్తాకు, అక్కడి నుంచి ఆఫ్రికాకు పోయాడు. బ్యాక్టీరియా డాప్సోన్‌కూ అలవాటుపడటం మొదలుపెట్టాక, 1980ల మొదట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు మందులు కలిపి ఇమ్మంది. డాప్సోన్, రిఫాంపిసిన్, క్లోఫజిమిన్. ఒక్క రిఫాంపిసిన్ మోతాదుతోనే కొద్ది రోజుల్లో నూటికి తొంభై తొమ్మిది వంతుల పైన బ్యాక్టీరియా చస్తుంది. ఆ తరువాత ఆ మనిషి నుంచి ఇంకొకరికి అంటదు. తక్కువ మచ్చలుంటే ఆరు నెలలు, ఎక్కువుంటే ఏడాది. ప్రభుత్వ దవాఖానలో ఉచితం. 2005 చివరికి దేశం మొత్తం మీద కుష్ఠు పదివేల జనాభాకు ఒకరికంటే తక్కువకు దిగింది. దిగింది అంటే పోయిందని కాదు, ఇప్పటికీ ఏటా కొత్తవాళ్లు వస్తున్నారు. 1898 నాటి చట్టం రద్దయింది 2016లో. భార్యకో భర్తకో కుష్ఠు ఉందని విడాకులు కోరే వీలు తీసేసింది 2019లో. బ్యాక్టీరియా ఆరు నెలల్లో లొంగింది, కాగితం లొంగడానికి నూటపద్దెనిమిదేండ్లు.

ఇంతవరకు డాక్టరమ్మ కథ. అసలు ఎందుకు రాశానో కూడా చెప్పాలి. నా బ్యాచ్ వాళ్లకు ఇది గుర్తుండవచ్చు.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా ఆరోగ్యశాఖ వాళ్లు బడికి వచ్చారు. అందర్నీ అంగీలు విప్పించి వెలుతురులో నిలబెట్టి వీపులూ చేతులూ చూశారు. నా బెంచీలో పక్కన కూర్చునే అబ్బాయి మోచేతి మీద రూపాయి బిళ్లంత తెల్లని మచ్చ ఉంది. కళ్లు మూసుకోమని, దూది పోచతో తాకి, ఎక్కడ తాకానో చూపించమన్నారు. మచ్చ బయట తాకినప్పుడల్లా చూపించాడు. మచ్చ మీద తాకినప్పుడు ఊరికే నిలబడ్డాడు. మాకందరికీ అర్థమైంది, వాడికే ఇంకా అర్థం కాలేదు. కళ్లు మూసుకుని చిన్నగా నవ్వుతున్నాడు కూడా.

మరునాడు ఆ బెంచీలో నుంచి మొదట లేచిపోయింది నేనే. వెనుక బెంచీలో ఐదుగురి మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. మిగతా ఇద్దరూ నన్ను చూసి లేచారు. ఇంట్లో చెప్తే బాపమ్మ నా మీద పసుపు నీళ్లు చల్లింది. సైన్స్ సారు క్లాసుకు వచ్చి చూశారు. ఏమీ అనలేదు. హాజరు పట్టీ పట్టుకుని పోయి వాడి పక్కన, నేను ఖాళీ చేసిన చోట కూర్చున్నారు. ఆ వారమంతా పాఠం అక్కడినుంచే చెప్పారు, బోర్డు మీద రాయాల్సి వస్తే లేచి పోయి మళ్లీ అక్కడికే వచ్చి కూర్చున్నారు. నేను మాత్రం వెనక్కి పోలేదు. పదో తరగతి అయ్యేదాకా పోలేదు.

వాడు తెల్ల మాత్రలు కొన్నేండ్లు వేసుకున్నాడు. మచ్చ పోయింది, చెయ్యి చెడలేదు. చదువుకున్నాడు, వ్యాపారం చేసుకున్నాడు, మనుమలున్నారు. మన సంఘం కలయికలకు వస్తాడు. నేను ఈ వ్యాసం రాసి మొదట అతనికే చూపించాను. వ్యాపారం ఏమిటో రాసిన మాట కొట్టేశాడు, ఊరి పేరు కొట్టేశాడు. తన పేరు ఎట్లాగూ వద్దన్నాడు. కోడలి పుట్టింటివాళ్లకు తెలియదట. రోగం తగ్గి నలభై ఏండ్లయింది గదా అన్నాను. తగ్గింది నాకు గదా అని నవ్వాడు.

రెండేండ్ల కింద కామారెడ్డిలో ఒక పెండ్లికి పోయి వస్తూ ఇద్దరం డిచ్‌పల్లిలో ఆగాము. పాత కట్టడాలు, చెట్లు, నీడ. ఎదురుగా రోడ్డు మీద తెలంగాణ విశ్వవిద్యాలయం పిల్లలు బస్సు కోసం నిలబడి ఉన్నారు. నేను గోడల మందం, కప్పు వాలు చూస్తూ తిరిగాను, నా అలవాటు. అతను ఒక చెట్టు కింద నిలబడి ఉన్నాడు. తరువాత రామాలయం మెట్లెక్కి దండం పెట్టుకుని దిగాము. కారు అతనే నడిపాడు. ఏసీ వేయనా అని అడిగితే వద్దన్నాను. ఆర్మూరు దాకా అద్దాలు దించే ఉన్నాయి.